షాహీనక్క ఏడాది లిస్టు

డిసెంబర్ వచ్చిందంటే దాచేపల్లి లారీ యార్డులో డ్రైవర్లకు రెండే ఆలోచనలు. వాడపల్లి వంతెన మీద మంచు ఎంత దట్టంగా ఉంటుందోనని ఒకటి, ఈ ఏడాది షాహీనక్క ఏ పాటను ఒకటో నంబరులో పెడుతుందోనని రెండోది. మంచు గురించి ఎవరూ పోట్లాడుకోరు. పాట గురించి మాత్రం టీ కొట్టు దగ్గర గ్లాసులు పగిలిన రోజులున్నాయి.

షాహీన్‌కు నలభై ఆరేళ్లు. భర్త ఫిరోజ్ లారీ ఎలక్ట్రీషియన్. హారన్లు, లైట్లు, సెల్ఫ్ మోటార్లు, స్టీరియోలు బాగుచేస్తాడు. హైవే పక్కనే రేకుల షెడ్డు. ఆ షెడ్డులో ఒక మూల టేబులు, దాని మీద కంప్యూటరు, బిస్కెట్ల డబ్బా నిండా పెన్‌డ్రైవ్‌లు. అదే షాహీన్ రాజ్యం. పెళ్లయిన కొత్తలో ఫిరోజ్ లారీకి స్టీరియో బిగించాక అది మోగుతోందో లేదో చూడ్డానికి నాలుగు పాటలు కావలసి వచ్చేవి. వాటిని ఏరే పని ఆమెది. కొన్నాళ్లకు డ్రైవర్లు స్టీరియో సంగతి పక్కనపెట్టి, "ఆ టెస్టింగు పాటలేవో మాక్కూడా ఎక్కించక్కా" అని వెంటపడ్డారు. అలా మొదలైంది కథ.

ఆమె పాట వినే పద్ధతే వేరు. ఇంట్లో కూర్చుని వినదు, చెవుల్లో వైర్లు పెట్టుకుని అసలే వినదు. రిపేరుకొచ్చిన లారీ క్యాబిన్ ఎక్కుతుంది, ఇంజను ఆన్ చేయమంటుంది, ఆ మోతలో కళ్లు మూసుకుని వింటుంది. ఎందుకమ్మా ఈ తిప్పలు అని ఎవరైనా అడిగితే ఒకటే జవాబు. "నిశ్శబ్దంలో ఏ పాటైనా బాగానే ఉండిద్ది. పన్నెండు టైర్ల బండి మోతలో నిలబడాల. అప్పుడు చెప్పు అది పాటని."

ఏడాది పొడుగునా అలా విన్నవాటిలోంచి డిసెంబర్‌లో పది తేలుస్తుంది. సినిమా పాటలే ఉండాలని లేదు. ఊళ్లలో పిల్లలు ఫోన్లతో తీసిన వీడియోలుంటాయి, కృష్ణ అవతలి జానపదాలుంటాయి, నచ్చితే మొత్తం ఆల్బమ్ ఒక నంబరు కింద పెట్టేస్తుంది. డిసెంబర్ ముప్పై ఒకటిన మధ్యాహ్నం యార్డులో లారీ యూనియన్ వాళ్ల బిరియానీ విందు. భోజనాలు అవుతుండగా పెద్ద స్పీకర్లలో షాహీనక్క లిస్టు పదో నంబరు నుంచి మొదలై పైకి వస్తుంది. వీడియో ఉన్నవాటిని గోడకు కట్టిన తెల్లగుడ్డ మీద చూపిస్తారు. చివరికి ఒకటో నంబరు మోగుతుంది. అది డ్రైవర్లకు నచ్చిందా, చేతులు కడుక్కుని ఎవరి క్యాబిన్ వాళ్లు ఎక్కి మూడుసార్లు హారన్ కొడతారు. నచ్చలేదా, ఎవరూ కదలరు. పదకొండేళ్లలో రెండుసార్లు కదల్లేదు. ఆ రెండుసార్లూ షాహీన్ వారం రోజులపాటు మొగుడితో కూడా సరిగ్గా మాట్లాడలేదు.

మొదటి హారన్ ఎప్పుడూ వెంకటప్పయ్యది. అరవై రెండేళ్ల మనిషి, ముప్పై ఐదేళ్లుగా స్టీరింగు పట్టిన చెయ్యి. ఆయన కదిలితే మిగతావాళ్లు కదులుతారు. ఆయన్ని కదిలించడమంటే బురదలో దిగబడ్డ లోడు బండిని కదిలించడమే.

ఈ ఏడాది డిసెంబర్ మూడో వారంలో యూనియన్ ప్రెసిడెంటు లక్ష్మీనారాయణ హెడ్‌లైటు బిగించుకోవడానికి షెడ్డుకు వచ్చాడు. పద్నాలుగు లారీల ఆసామి. మాట మెత్తగానే ఉంటుంది, దిగేది మాత్రం లోతుగా దిగుతుంది.

"అమ్మాయ్, ఈ ఏడు నువ్వు లిస్టు పని పెట్టుకోమాక. నరసరావుపేట నుంచి ఉపేంద్రని పిలిపిస్తన్నాం, డీజే. ఆ కుర్రాడి ల్యాప్‌టాప్‌లో అన్నీ ఉంటయ్యంట" అన్నాడు.

షాహీన్ చేతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌ను డబ్బాలో వేసింది. "అన్నీ ఉంటే లిస్టెట్టా అయిద్ది బాబాయ్? పదే గదా ఉండాల్సింది."

"ఆ పది కూడా ఫోనే చెప్పుద్దమ్మా. ఎన్ని కోట్ల మంది చూశారో లెక్కతో సహా చూపిచ్చుద్ది. నువ్వొక్కదానివి కూర్చుని వినేదేంది, కోట్ల మంది విన్నాక?"

ఆ మాటకు షాహీన్‌కు ఒళ్లు మండింది. మండిన దానికంటే ఎక్కువగా భయమేసింది. నిజం చెప్పాలంటే దాచేపల్లిలో ఆమెను ఆమె పేరుతో పిలిచేది ఆ లిస్టు వల్లే. బంధువుల్లో ఆమె ఫిరోజ్ భార్య, వీధిలో సమీర్ వాళ్లమ్మ. యార్డులోకి అడుగుపెడితేనే షాహీనక్క. అది కూడా ఒక డీజే ల్యాప్‌టాప్‌లో కలిసిపోతే తనకు మిగిలేదేమిటో ఆమెకు తోచలేదు.

"ఒక్క మాట బాబాయ్" అంది. "ఎప్పట్లాగే భోజనాలప్పుడు నా పది వెయ్యనియ్యండి. ఆ తర్వాత మీ ఉపేంద్ర ఇష్టం. నా ఒకటో నంబరుకు హారన్లు మోగకపోతే నేనే తప్పుకుంటా. ఇంక జన్మలో లిస్టు మాటెత్తను."

లక్ష్మీనారాయణ ఫిరోజ్ వైపు చూశాడు. ఫిరోజ్ హెడ్‌లైటు లోపలికి తలదూర్చేశాడు. "సరేనమ్మా, నీ మాట మీదే ఉండు" అని ప్రెసిడెంటు వెళ్లిపోయాడు.

ఆయన బండి మలుపు తిరగ్గానే ఫిరోజ్ తల బయటికొచ్చింది. "ఎందుకు షాహీన్ అంతలేసి మాటలు? సర్లే, ఆ పెళ్లి పాట ఒకటో నంబరులో పెట్టెయ్. మిర్యాలగూడ పిల్ల పాడింది. ఊరంతా ఎగురుతున్నారు దానికి. హారన్లు ఖాయం."

ఆ పెళ్లి పాట మంచిదే. లిస్టులో రెండో నంబరు దానిదే. మూడోది హైదరాబాద్ కుర్రాళ్ల ఆల్బమ్. అందులో ఆరు పాటలు, ఆరింటిలో ఒక్కదాన్ని కూడా వినకుండా దాటెయ్యబుద్ధి కాలేదామెకు. నాలుగోది మాచవరం పిల్లలు నీళ్లు లేని కాలువలో దిగి తీసిన వీడియో. కెమెరా వణుకుతుంది గానీ డప్పు వణకదు. ఇలా తొమ్మిదింటికీ తగాదా లేదు. చిక్కంతా ఒకటో నంబరుతోనే.

దాన్ని నకరికల్లులో ఉండే అక్క వాట్సాప్‌లో పంపింది. అక్క పొద్దున్నే పంపే గులాబీ పూల మధ్య ఎలా దూరిందో గాని, ఒక వీడియో. పత్తి చేలో ఒక ముసలావిడ ఒళ్లో పత్తి నింపుకుంటూ, కెమెరా వైపు చూడకుండా, ఎవరినో నిలదీస్తున్నట్టు పాడుతోంది. పేరు బసవమ్మ. మనవరాలు హరిత ఫోనులో తీసి పెట్టింది. వాద్యాలు లేవు. వెనక ఎవరో దగ్గుతున్నారు. చూసినవాళ్లు రెండు వందల పద్నాలుగు మంది, అందులో నలభైసార్లు షాహీనే.

*అద్దంకి దాటావా మావా, అన్నమన్నా తిన్నావా*
*సంతమాగులూరు కాడ సల్లనీళ్లు తాగావా*
*నకరికల్లు అడ్డరోడ్డు నన్ను గుర్తు సేసిందా*
*నీ హారనుకు మావా నువ్వు నా పేరు నేర్పావా*

ఆ వారంలో షెడ్డుకు వచ్చిన ప్రతి లారీలోనూ షాహీన్ ఆ పాట పెట్టుకుని విన్నది. టిప్పరులో విన్నది, సిమెంటు బండిలో విన్నది, సైలెన్సర్ పగిలిన పాత బండిలో కూడా విన్నది. నిలబడింది. ఇంజను ఎంత అరిస్తే ఆ గొంతు అంత పైకి లేచింది.

"హారన్లు రాకపోతే?" అన్నాడు ఫిరోజ్.

"రాకపోతే పోతయ్. నాకు నచ్చినదాన్ని కిందపెట్టి ఊరికి నచ్చినదాన్ని పైన పెడితే, ఆ పని ఫోను చేస్తానే ఉంది గదా. ఇంక నేనెందుకు?" అంది.

మర్నాడు బస్సెక్కి నకరికల్లు వెళ్లింది. పాడినావిడను అడగకుండా స్పీకర్లో వెయ్యడం షాహీన్ పద్ధతి కాదు. బసవమ్మ చేలోనే దొరికింది. విషయమంతా విని పత్తి ఏరడం ఆపకుండానే నవ్వింది.

"నా పాటేంది, దానికి నంబరేంది అమ్మాయ్?"

"బాగుంది పెద్దమ్మా. ఎప్పుడు కట్టావు?"

"మా ఆయన లారీ తోలే రోజుల్లో. రెండు పొట్టి, ఒకటి పొడుగు. అదీ ఆయన హారను. అడ్డరోడ్డు కాడ అది మోగితే నేనిక్కడ పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని. మోగని రోజు ఈ పాట పాడుకుంటా తిట్టేదాన్ని. ఇప్పుడు మంచం దిగడు. అప్పుడు రావట్లేదని పాడా, ఇప్పుడు యాడికీ పోవట్లేదని పాడాలి." ఆ మాటకు పక్క సాలులో ఉన్న ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. "ఏసుకో తల్లీ. పాడినందుకు ఇన్నాళ్లూ ఎవరూ పర్మిషన్ అడగలా, ఇనేదానికి నువ్వొచ్చి అడుగుతన్నావు."

షాహీన్ తిరుగు బస్సులో దాచేపల్లి దాకా ఆ పాటే విన్నది.

ముప్పై ఒకటో తారీఖు మధ్యాహ్నానికి యార్డు నిండింది. నలభై లారీలు వరసగా నిలబడ్డాయి. ఒక పక్క బిరియానీ డేగిశాలు, ఇంకో పక్క తెల్లగుడ్డ, దాని కింద రంగురంగుల లైట్లతో వెలిగిపోతున్న ఉపేంద్ర సరంజామా. మంచి పిల్లాడే. "నమస్తే అక్కా, ముందు మీదేనంట" అని పెన్‌డ్రైవ్ అందుకున్నాడు. తన ల్యాప్‌టాప్‌కు ఏ వైరసు అంటుకుంటుందోనని దాన్ని యూనియన్ వాళ్ల పాత ఆంప్లిఫయరుకే తగిలించాడు.

ఇక్కడే జరిగింది జరగవలసింది.

ఆ పాత పెట్టెలు పాట పేరు చూడవు, పక్కన రాసిన నంబరు చూడవు. పెన్‌డ్రైవ్‌లోకి ఏది ముందు ఎక్కిందో దాన్నే ముందు వాయిస్తాయి. ఈ సంగతి దాచేపల్లిలో అందరికీ నేర్పిందే షాహీన్. అందుకే ఏటా పదో నంబరుతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ వరసగా ఎక్కిస్తుంది, ఒకటో నంబరు ఆఖర్న వస్తుంది. ఈ ఏడాది లారీలన్నిటిలో వినడానికి బసవమ్మ పాటను ముందే ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకుంది. తర్వాత మిగతా తొమ్మిదీ దాని వెనకాలే ఎక్కించేసింది. పాట మీద ప్రేమ ముదిరి, పదకొండేళ్లుగా చేతికి అలవాటైన పనిని మరిచింది మహాతల్లి.

స్పీకర్లలోంచి ఎవరో దగ్గిన చప్పుడు వచ్చింది. ఆ తర్వాత బసవమ్మ గొంతు.

జనం ఇంకా విస్తర్ల దగ్గర తోసుకుంటున్నారు. సగం మంది కుళాయి దగ్గర ఉన్నారు. ఎవరూ స్పీకర్ల వైపు చూడ్డం లేదు. ఇది ఒకటో నంబరని ఒక్కడికీ తెలియదు. తెలియని దానికి హారన్ ఎవరు కొడతారు? పదకొండేళ్ల లిస్టు ఈ రెండు నిమిషాల్లో, బిరియానీ గోలలో, ఎవరికీ తెలియకుండా పోతోంది. ఆమె కొంగు దోపుకుని డేగిశాల మధ్య నుంచి పరుగెత్తింది.

"ఆపు ఉపేంద్రా! ఆపు, ఇది ఇప్పుడు కాదు!"

ఉపేంద్ర కంగారుపడి బటను మీద చెయ్యి వేశాడు.

"ఆపమాక రా!"

యార్డంతా వినబడేలా వచ్చిందా కేక. వెంకటప్పయ్య. చేతిలో అప్పుడే వడ్డించిన విస్తరి ఉంది. తినడం లేదు, కూర్చోవడం లేదు, లైను మధ్యలో నిలబడిపోయాడు. వెనకవాళ్లు తోస్తున్నా కదలడం లేదు. పాట సంతమాగులూరు దాటింది. ఆయన పక్కనున్న డ్రైవరు కూడా ఆగాడు. కుళాయి దగ్గర నీళ్లు కారిపోతున్నాయి, కట్టేవాడు లేడు. అది వాళ్ల రోడ్డు. రోజూ టైర్లు అరగదీసుకునే రోడ్డును ఒక ఆడమనిషి ఊరు ఊరునా పట్టుకుని అడుగుతోంది. తిన్నావా, తాగావా, నేను గుర్తొచ్చానా అని. పన్నెండు టైర్ల బండ్లు తోలే మగాళ్లు విస్తర్లు చేతబట్టుకుని నిలబడ్డారు.

పాట హారను దగ్గరికొచ్చింది. *నా పేరు నేర్పావా* అని బసవమ్మ నిలదీసింది.

వెంకటప్పయ్య విస్తరిని పక్కవాడి చేతిలో పెట్టాడు. తన లారీ ఎక్కాడు. ఒక పొడుగు, మూడు పొట్టి. అది యూనియన్ హారను కాదు. గురజాల అవతల వాళ్ల ఊరి మలుపులో, బండి దిగి ఇంటికి నడిచే ముందు, ముప్పై ఐదేళ్లుగా ఆయన కొట్టే హారను. వాళ్లావిడ ఒక్కతికే తెలిసిన హారను. దాన్ని ఆయన పదిమందిలో కొట్టాడు.

రెండో లారీ అందుకుంది. ఆ హారను వేరు. మూడోది ఇంకోలా మోగింది. ఒకడు ముక్కలు ముక్కలుగా కొట్టాడు, ఒకడు ఆపకుండా లాగాడు, ఒకడు సన్నాయిలా వంకర్లు తిప్పాడు. నలభై లారీలు, నలభై ఇళ్ల హారన్లు. గేటు బయట హైవే మీద ఆగి ఉన్న సిమెంటు బండ్లు కూడా ఏమిటో తెలియకుండానే కలిశాయి. గోడకు కట్టిన తెల్లగుడ్డ అదిరింది. ఆ మోతలో పాట వినబడనే లేదు. షాహీన్‌కు మాత్రం ప్రతి మాటా వినబడింది. ఆమె అక్కడే నిలబడి బాహాటంగా ఏడ్చింది, ఎవరు చూస్తే ఏమిటన్నట్టు ఏడ్చింది. ఇన్ని హారన్లు బాగుచేసిన ఫిరోజ్ చెవులు మూసుకుని చిన్నపిల్లాడిలా ఎగురుతున్నాడు.

మోత సద్దుమణిగాక లక్ష్మీనారాయణ మైకు పట్టుకున్నాడు. "ఇది ఎన్నో నంబరమ్మా?"

"ఒకటి బాబాయ్."

"ముందే వేశావేంది?"

"పొరపాటున ముందెక్కింది."

"సర్లే. కానీ నువ్వన్న మాటేంది? మూడుసార్లు కొట్టాలని గదా ఆచారం. ఇక్కడ ఒక్కడన్నా మూడు కొట్టాడా?" అన్నాడు, పాయింటు దొరికినవాడి నవ్వుతో.

వెంకటప్పయ్య క్యాబిన్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ప్రెసిడెంటు గారూ, ఆ మూడూ మీ విందుకు మొహమాటానికి కొట్టే హారన్లు. ఇప్పుడు కొట్టింది ఇంటి హారను. మా ఆడోళ్లకు తప్ప ఇంకెవరికీ కొట్టం. ఇది లెక్కలోకి రాదంటే, రేపట్నుంచి మీ లోడు మీరే తోలుకోండి."

నలభై క్యాబిన్ల నుంచి ఒకేసారి ఈలలు లేచాయి. లక్ష్మీనారాయణా ఒకప్పుడు డ్రైవరే. ఆయన ఊరి మలుపు ఆయనకూ గుర్తొచ్చి ఉంటుంది, మొహంలో ఆ నవ్వు మారింది.

"సరే, ఒప్పుకున్నాం. షాహీనుకు వచ్చే ఏడు కూడా అవకాశం ఇస్తన్నాం."

ఉపేంద్ర అప్పటికే తన ల్యాప్‌టాప్ తెరిచి, "అక్కా, ఆ పాట నాకు కొంచెం ఎక్కించవా, నరసరావుపేటలో వేస్తా" అని బతిమాలుతున్నాడు. షాహీన్ అతనికి ఆగమని చెయ్యి చూపించి, కళ్లు తుడుచుకుని, మైకు దగ్గరికి నడిచింది. మైకులో మాట్లాడటం ఆమెకు అదే మొదటిసారి.

"అవకాశం మీరిచ్చేదేంది బాబాయ్? లిస్టు నాది, హారను వాళ్లది. వచ్చే ఏడు బసవమ్మ పెద్దమ్మ ఇక్కడికొచ్చి, ఈ మైకులోనే పాడుద్ది. మీరు స్పీకర్లు సరిగ్గా పెట్టిచ్చండి, అది చాలు."

అందరికంటే ముందు గట్టిగా నవ్వింది లక్ష్మీనారాయణే. ఇంకేం చేస్తాడు, పాపం. మిగతా తొమ్మిదీ వరసగా మోగుతుండగా షాహీన్ వెళ్లి డ్రైవర్ల పంక్తిలో వెంకటప్పయ్య పక్కనే కూర్చుని, బిరియానీ రెండుసార్లు వేయించుకుని తిన్నది.